ఊదని ఈల

చిలుహుర్,
24 జూలై 1994.

నింగ్రుమ్ అక్కకి సలాములు,

ఇక్కడ అందరం క్షేమం. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. నీకు ఉత్తరం రాస్తున్నానంటే మాత్రం, "ఇంకా తగ్గలేదని రాయి, అప్పుడైనా ఆ పిల్ల ఇల్లు చూస్తుంది" అంటోంది. నేను రెండూ రాశాను. నీకు ఏది వీలుగా ఉంటే అది నమ్ముకో.

హైస్కూల్లో చేరి వారమైంది. బూడిద రంగు స్కర్టు వేసుకుని అద్దంలో చూసుకుంటే ఎవరో పెద్దమనిషి నిలబడినట్టుంది. ఈ వారమంతా పాఠాల్లేవు, క్లబ్బుల హడావుడే. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మైదానంలో ఎవరి గోల వాళ్ళది. జెండా దళం వాళ్ళు కర్ర మింగినట్టు నడుస్తారు. ప్రథమ చికిత్స క్లబ్బు వాళ్ళు ఒకణ్ణి బల్ల మీద పడుకోబెట్టి తల నుంచి కాళ్ళ దాకా కట్లు కట్టారు, వాడు నిజంగానే ఊపిరాడక తన్నుకుంటుంటే మేం నటన అనుకుని చప్పట్లు కొట్టాం. గోడపత్రిక వాళ్ళు కవితలు చదువుతుంటే వినేవాళ్ళు లేరు. ఇక మీ కొండ క్లబ్బు వాళ్ళు మేడ మీద నుంచి తాడు పట్టుకుని దిగారు. హెడ్మాస్టరు గారు చూడలేక వెనక్కి తిరిగి నిలబడ్డారు.

మీ క్లబ్బు గదిలోకి వెళ్ళాను. గోడ మీద చెక్కబోర్డులో బ్యాచీల వారీగా అందరి పేర్లూ ఉన్నాయి కదా, నీ పేరు వెతికి పట్టుకున్నాను. "అధ్యక్షురాలు" అని కూడా ఉంది. వేలితో తడిమి చూస్తుంటే వెనక నుంచి ఒక సీనియర్, "ఏమ్మా, దుమ్ము దులపడానికొచ్చావా?" అన్నాడు. "మా పెద్దమ్మ కూతురు" అన్నాను. నువ్వు వాడి ముఖం చూడాల్సింది. వెంటనే కుర్చీ తుడిచి వేశాడు.

నా బెంచీలో ఎంటిన్ అనే పిల్ల ఉంది. వాళ్ళమ్మ పైతోటలో తేయాకు కోస్తుంది. నాన్న లేడు. నోట్లో నాలుక లేని పిల్ల, కానీ పాట ఎత్తుకుందంటే క్లాసంతా గప్‌చిప్. వెదురు వాద్యాల క్లబ్బు వాళ్ళు దానికి రోజూ గేటు దగ్గర చిలోక్ ఉండలు కొనిపెట్టి బతిమాలుతున్నారు. ఉండలు తిను, క్లబ్బులో మాత్రం చేరకు అని చెప్పాను. దాన్ని నాతో పాటు కొండ క్లబ్బులోకి లాక్కొస్తాను. ఒక్కదాన్నీ వెళ్ళాలంటే నాకు భయం. ఆ మాట నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు.

నవంబరులో కొత్తవాళ్ళకి శిక్షణ ఉంటుందట. ఎలా ఉంటుందని అడిగితే సీనియర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది. నువ్వైనా అసలు సంగతి చెప్పు.

నీ చెల్లెలు,
ఇమాస్


యోగ్యకర్త,
9 ఆగస్టు 1994.

మహాఘనత వహించిన ఇమాస్ పిల్లకి,

నీ ఉత్తరం హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. కుర్చీ తుడిచిన వాడి పేరు రాయలేదేం? రాయి, వాడికి నా తరఫున ఒక కృతజ్ఞతా పత్రం పంపిస్తాను. అమ్మ మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయనే నమ్ముతున్నాను, కానీ పరీక్షలున్నాయి, ఇప్పట్లో రాలేను.

ఇక శిక్షణ. చెవులు రిక్కించి విను. మొత్తం నాలుగు రోజులు. వర్షాలు మొదలయ్యాకే పెడతారు, ఎండలో కొండెక్కడం ఎవరికైనా వస్తుంది. మొదటి రోజే మీ పొడిబట్టలన్నీ గోనెసంచిలో వేసి తీసుకుపోతారు, ఒంటి మీదున్నవే మిగులుతాయి. ఒకరు తప్పు చేస్తే అందరూ గుంజీలు తీయాలి, కాబట్టి ఎవరితోనూ వాదన పెట్టుకోకు, నీకున్న రోగం అదే. ఇద్దరిద్దరిని జతలు చేస్తారు. మూడో రోజు ఒక్కో జతని అడవిలో ఒక్కోచోట వదిలేస్తారు, ఒక ప్లాస్టిక్ పట్టా, కాసిన్ని బియ్యం, అంతే. మరునాడు పొద్దున కిందికి దిగాక నారింజ రంగు రుమాలు మెడకి కడతారు. ఆ రుమాలు కట్టుకుని సోమవారం జెండా వందనంలో నిలబడితే, ఇమాస్, స్కూలు స్కూలంతా నీ వంకే చూస్తుంది.

ముఖ్యమైన సంగతి ఇంకోటి. బయల్దేరేటప్పుడు ప్రతి ఒక్కరి మెడలో ఒక ఈల వేస్తారు. ఇక నా వల్ల కాదనుకున్నవాళ్ళు ఊదాలి. ఊదగానే సీనియర్లు వచ్చి తీసుకుపోయి లారీ ఎక్కిస్తారు. అంతటితో సరి. రుమాలు లేదు, బోర్డు మీద పేరు లేదు, మూడేళ్ళూ స్కూల్లో తల దించుకుని తిరగడమే. క్లబ్బు పెట్టి పదహారేళ్ళయింది, ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు ఊదలేదు. నేను అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు కొత్తవాళ్ళందరికీ మొదట చెప్పిన మాట అదే.

చలేస్తుంది. ఏడుపొస్తుంది. ఊదేద్దామని చెయ్యి తనంతట తనే మెడ మీదికి పోతుంది. అందరికీ పోతుంది. అప్పుడు ఈలని చొక్కా లోపలికి తోసెయ్యి. చలి ఒంట్లో కాదు, బుర్రలో ఉంటుంది. ఏం జరిగినా సరే ఊదకు. ఊదావో, నేను నీకు అక్కనని ఎక్కడా చెప్పుకోకు.

ఆ పాటల పిల్లని కూడా తెచ్చుకో. జత కుదిరితే సగం కష్టం తగ్గుతుంది.

నింగ్రుమ్


చిలుహుర్,
30 సెప్టెంబర్ 1994.

అక్కా,

ఎంటిన్ చేరింది! వెదురు వాద్యాల వాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. తిన్న ఉండలన్నీ కక్కించాలని చూస్తున్నారట.

వాళ్ళమ్మని ఒప్పించడానికి నేనే వెళ్ళాను. ఆమె తోట నుంచి అప్పుడే వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటోంది. సంగతంతా విని, "కొండెక్కడం నేర్చుకోవడానికి క్లబ్బు దేనికే? నాతో రమ్మను, రోజూ ఎక్కిస్తాను, పైగా కూలి కూడా ఇస్తారు" అంది. నేను నవ్వాపుకోలేకపోయాను. చివరికి ఒప్పుకుంది. "నువ్వు దాని పక్కనే ఉంటావుగా?" అని రెండుసార్లు అడిగింది. ఉంటానన్నాను.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మమ్మల్ని మార్కెట్టు నుంచి పైతోట దాకా పరిగెత్తిస్తున్నారు. కొత్తవాళ్ళం పద్నాలుగుమందిమి. నేను ముందు వరసలో ఉంటాను, అబద్ధం కాదు. ఎంటిన్ ఎప్పుడూ చివరే. ఇవాళ దానివల్ల అందరం ముప్ఫై గుంజీలు తీశాం. దానికి ముఖం చెల్లక ఇంటిదాకా నాకు పది అడుగులు వెనకే నడిచింది. "ఎందుకే చేరావు మరి?" అని విసుక్కున్నాను. "నువ్వొక్కదానివీ వెళ్ళొస్తే, ఆ తర్వాత వాళ్ళతోనే ఉంటావు, నాతో మాట్లాడవు" అంది.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. అంతా విని ఒక్క ప్రశ్న వేసింది, "ఊదకూడనప్పుడు ఈల ఎందుకిస్తారు?" అని. "అక్కకి తెలుసు" అన్నాను. అప్పుడు సరేనంది. నువ్వన్నావంటే దానికి వేదవాక్కులా ఉంది. నిన్ను ఒకసారి చూపించమని అడుగుతోంది.

శిక్షణ నవంబరు మూడు నుంచి ఆరు దాకా. దువా చెయ్యి.

ఇమాస్


యోగ్యకర్త,
10 నవంబర్ 1994.

ఇమాస్,

పొద్దున అమ్మ హాస్టల్‌కి ఫోన్ చేసింది. ఏడుస్తూ మాట్లాడింది, సగం అర్థం కాలేదు. "మన పిల్ల బతికే ఉంది, ఇంకో పిల్ల పోయింది" అంది. తర్వాత లైబ్రరీలో నాలుగు రోజుల పేపర్లూ తిరగేశాను. చిలుహుర్‌లో విద్యార్థిని మృతి అని రెండు వాక్యాలు వేశారు, పేరు లేదు.

ఎంటినేనా? మీరిద్దరూ ఒక జతేనా? నీకు జ్వరమని అమ్మ అంది. ఎక్కువగా ఉందా? ఎవరైనా ఏమైనా అన్నారా?

రెండు లైన్లైనా సరే వెంటనే రాయి.

అక్క


చిలుహుర్,
20 నవంబర్ 1994.

అక్కకి,

ఎంటినే.

నాకు జ్వరం తగ్గింది. స్కూలుకి వెళ్తున్నాను. క్లబ్బు గదికి తాళం వేశారు.

ఆదివారం పొద్దున కిందికి తెచ్చారు. మధ్యాహ్నానికి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి, తోట వెనక ఖనన భూమిలో పెట్టారు. మీ రుహియత్ అన్న క్లబ్బు పాతవాళ్ళందరినీ తీసుకుని వచ్చాడు. పాడె మీద నారింజ రుమాలు పరిచి, దాని సభ్యత్వం నంబరు పైకి చదివాడు. ఇప్పుడు బోర్డు మీద దాని పేరు కూడా ఎక్కిస్తారట. మా పదమూడుమందికీ అక్కడే, సమాధి దగ్గరే, రుమాళ్ళు కట్టారు. కట్టించుకున్నాను.

ఏడో రోజు ప్రార్థనకి అమ్మతో వెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను పక్కకి పిలిచి, "నీకు తెలుసుంటుంది. దాని మెడలో ఈల ఉందట కదా, ఎందుకు ఊదలేదు?" అని అడిగింది. తెలియదన్నాను.

ఇంతే. పెద్దమ్మ క్షేమం.

ఇమాస్


యోగ్యకర్త,
4 డిసెంబర్ 1994.

ఇమాస్‌కి,

నిన్ను దగ్గర కూచోబెట్టుకోవాలని ఉంది. ఏడవడం రాకపోతే ఏడవకు, అది తనంతట తనే వస్తుంది. నేనేదో తెలిసినదానిలా చెబుతున్నాను, క్షమించు.

నిన్న రుహియత్ అన్న రైల్లో ఇక్కడికే వచ్చాడు. పాపం, మనిషి సగమైపోయాడు. నేను కొత్తగా చేరినప్పుడు మాకు శిక్షణ పెట్టింది ఆయనే, ఇప్పుడు పాత సభ్యుల సంఘానికి అధ్యక్షుడు, అన్నీ ఆయన నెత్తి మీదే పడ్డాయి. జనవరిలో స్కూల్లో విచారణ జరుగుతుందట. హెడ్మాస్టరు క్లబ్బునే మూసేస్తానంటున్నారట. దానికి పాతవాళ్ళందరూ కలిసి ఒక కాగితం రాశారు. ఎంటిన్ జతవి నువ్వే కాబట్టి నీ సంతకం కావాలి. నిన్ను అడిగితే తల కూడా ఎత్తలేదట. అందుకే నన్ను రాయమన్నాడు.

కాగితం నేను చదివాను. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ప్రతి ఒక్కరికీ ఈల ఇచ్చాం, ఊదితే సహాయం వస్తుందని చెప్పాం, సీనియర్లు దగ్గరలోనే ఉన్నారు, ఎంటిన్ ఈల ఊదలేదు. ఇంతే ఉంది. జరిగింది కూడా ఇదే కదా?

పోయిన పిల్ల ఎలాగూ రాదు. ఒక క్లబ్బులో పదహారేళ్ళుగా ఎంతమంది పిల్లలు మనుషులయ్యారు, అదంతా ఎందుకు నాశనం కావాలి? నేనీరోజు ఇలా ఉన్నానంటే ఆ క్లబ్బు వల్లే. నువ్వు సంతకం పెడితే నిన్ను ఇక ఎవరూ ఏమీ అడగరు. నువ్వు బయటపడటమే నాకు కావాలి.

అక్క


చిలుహుర్,
16 డిసెంబర్ 1994.

నింగ్రుమ్ అక్కకి,

మొన్న నలభయ్యో రోజు ప్రార్థన జరిగింది. ఆడవాళ్ళం లోపల కూచుని ఉన్నాం. కాగితంలో ఏముందో అప్పటికే ఊరంతా పాకింది. ఎంటిన్ వాళ్ళమ్మ పళ్ళేల్లో అన్నం పెడుతూ పెడుతూ ఆగిపోయి, ఎవరితోనూ కాదు, తనలో తనే అన్నట్టు, "ఊదితే దక్కేదట. నా కూతురికి ఇంటికి రావాలని లేకపోయిందేమో" అంది. పక్కావిడ ఊరుకోబెట్టింది. నేను నా పళ్ళెం కింద పెట్టేసి బయటికి వచ్చేశాను.

జరిగింది ఇదే కదా అని అడిగావు. జరిగింది చెప్తాను, విను. మా అమ్మకి కూడా చెప్పలేదు.

మూడో రోజు మమ్మల్ని వాగు పైన వదిలి వెళ్ళారు. అంతకు ముందు రెండు రోజులూ తెరిపి లేని వాన. ఒంటి మీద పొడి దారప్పోగు లేదు. ఎంటిన్‌కి రెండో రోజు నుంచే పళ్ళు కొట్టుకుంటున్నాయి, మాట సరిగ్గా రావడం లేదు. పొద్దున పదకొండుకి ఈల నోట్లో పెట్టుకుంది. నేను లాగేశాను. "ఇంకొక్క పూటే, నీవల్ల ఇద్దరికీ రుమాలు పోతుంది" అన్నాను. అది కాసేపు ఏడ్చి, ఈల తనే మెడలోంచి తీసి నాకిచ్చింది. "నీ దగ్గరే ఉంచు, నా దగ్గరుంటే ఊదేస్తాను" అంది. తీసుకుని నా మెడలో వేసుకున్నాను. అది ఎంత మంచి పిల్లో నీకు అర్థమయ్యేట్టు ఎలా చెప్పను? నా రుమాలు పోకూడదని ఇచ్చింది.

మధ్యాహ్నం జుహర్ నమాజు వేళ దాటాక ఈల అడిగింది. వినపడనట్టు పట్టా సర్దుకుంటూ కూచున్నాను. మళ్ళీ అడిగింది. "అక్క ఏమంది? చలి బుర్రలో ఉంటుంది" అన్నాను. నీ మాటలే, అక్షరం పొల్లుపోకుండా. ఇక అడగలేదు. వణుకు కూడా ఆగింది. తగ్గిందనుకున్నాను అక్కా. సంతోషపడ్డాను కూడా. కాసేపటికి ఉక్కపోస్తోందని స్వెట్టర్ విప్పబోయింది. ఆ తర్వాత లేపితే లేవలేదు.

అప్పుడు పరిగెత్తాను. సీనియర్ల గుడారం దాకా బురదలో ఎంతసేపు పట్టిందో తెలియదు, ముప్పావుగంట అని తర్వాత చెప్పారు. నా మెడలో రెండు ఈలలున్నాయి. ఒక్కటీ ఊదలేదు. అప్పుడు కూడా ఊదలేదు, చూడు. పరిగెత్తడమే తోచింది కానీ ఊదొచ్చని నాకు తోచనే లేదు.

రుహియత్ అన్నే నా మెడలో రెండోది చూశాడు. తీసుకుని జేబులో వేసుకున్నాడు. కాగితం రాసింది ఆయనే.

ఎంటిన్ ఈల ఊదలేదు అనే మాట నిజమే. నేను సంతకం పెడితే దాని చావు దాని మీదికే పోతుంది. పెట్టకపోతే నా మీదికి వస్తుంది. నాకు భయంగా ఉంది. రోజూ స్కూలుకి వెళ్ళే దారిలో వాళ్ళమ్మ ఎదురవుతుందేమోనని పక్క సందులోంచి పోతున్నాను.

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. పదహారేళ్ళలో నిజంగా ఎవ్వరూ ఊదలేదా? అందరూ తట్టుకున్నారా? మేమే చేతకాని వాళ్ళమా?

ఇమాస్


యోగ్యకర్త,
2 జనవరి 1995.

ఇమాస్,

ఇది నాలుగోసారి రాయడం. మొదటి మూడింటిలోనూ నీకు ధైర్యం చెప్పాను, చించేశాను.

నేను ఊదాను.

తొంభైలో, మూడో రోజు సాయంత్రం. అప్పట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలేవారు. వాన కూడా పెద్దగా లేదు. నాకు భయమేసింది, అంతే. ఏడుస్తూ ఊపిరున్నంత సేపూ ఊదాను. అయిదు నిమిషాలు కాలేదు, రుహియత్ అన్న వచ్చేశాడు. దుప్పటి కప్పి గుడారంలోకి తీసుకుపోయాడు. అల్లం వేసి కాచిన బాంద్రెక్ రెండు గ్లాసులు తాగించాడు. నేను లారీ ఎక్కడున్నదని అడిగాను. లారీ లేదు ఇమాస్. ఎప్పుడూ లేదు. "నీ ఈల ఎవరూ వినలేదు, నేనూ వినలేదు. పొద్దున మిగతావాళ్ళతో కలిసి దిగు. మనిద్దరి మధ్యే ఉండాలి" అన్నాడు. మరునాటి నుంచి నేను ఎవరి ముఖమూ చూడలేకపోయాను. రుమాలు మాత్రం కట్టించుకున్నాను, నీలాగే.

అధ్యక్షురాలిని చేసినప్పుడు ఆయన ఇంకో సంగతి చెప్పాడు. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరో ఇద్దరో ఊదినవాళ్ళు ఉన్నారు. అందరికీ అదే దుప్పటి, అదే బాంద్రెక్, అదే మాట. ఎవరికి వాళ్ళు తామొక్కరమే అనుకుంటారు. అందుకే ఎవరూ నోరు విప్పరు. ఎవరూ ఊదలేదు అనే మాట నిలబడాలంటే ఇది తప్పదన్నాడు. నాకు అప్పుడు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. నేనొక్కదాన్నే కాదని. ఆ తర్వాత రెండేళ్ళు కొత్తవాళ్ళ ముందు నిలబడి, ఎవ్వరూ ఊదలేదని అందరికంటే గట్టిగా చెప్పింది నేనే. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది. నీకు ఉత్తరంలోనూ అదే రాశాను.

కాబట్టి మీరు చేతకాని వాళ్ళు కాదు. ఎంటిన్ ఊది ఉంటే, గుడారం దూరమైనా, అడవిలో గస్తీ తిరిగే సీనియర్లు అయిదు నిమిషాల్లో వచ్చేవాళ్ళు. రుమాలు కూడా ఇచ్చేవాళ్ళు.

నీకు ఈ నిజం చెప్పకుండా కాగితం మీద సంతకం పెట్టమన్నాను. దానికి నాకు క్షమాపణ లేదు, అడగను. సంతకం పెట్టకు. కానీ ఇమాస్, నా సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. అమ్మ తట్టుకోలేదు. నేను ఆ ఊళ్ళో మళ్ళీ అడుగు పెట్టలేను. ఇది చదవగానే చింపి పొయ్యిలో వెయ్యి. ఇంత జరిగాక కూడా అడుగుతున్నానని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

నింగ్రుమ్


చిలుహుర్,
16 జనవరి 1995.

నింగ్రుమ్ అక్కకి,

నీ ఉత్తరం చింపలేదు.

విచారణ మొన్న శనివారం జరిగింది. దానికి ముందు రోజు సాయంత్రం ఎంటిన్ వాళ్ళింటికి వెళ్ళాను. ఈసారి పక్క సందులోంచి కాదు. వాళ్ళమ్మ తేయాకు గంప బోర్లించి దాని మీద కూచుని ఉంది. నిలబడే చెప్పాను, కూచుంటే చెప్పలేనని. ఈల తీసుకున్నది, అడిగితే ఇవ్వనిది, అన్నీ.

"అడిగిందా?" అంది.

"అడిగింది."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"ఏమని అడిగింది? అది ఎలా అందో అలాగే చెప్పు."

నీకు రాసినప్పుడు ఈ మాట రాయలేకపోయాను. ఆమె అడిగితే దాచలేకపోయాను. "ఇమాస్, నా ఈల ఇచ్చెయ్యవే, అమ్మ దగ్గరికి పోతాను" అంది అక్కా.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత, "వస్తానందన్నమాట" అంది. "నలభయ్యో రోజు నుంచీ, ఇన్ని రోజుల నుంచీ, దానికి నేను గుర్తే రాలేదనుకున్నాను." నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను. నన్ను కొట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. "నిన్ను తిట్టను. క్షమించాననీ అనను. రేపు అందరి ముందూ ఇదే చెప్పు. ఇక ఆ తర్వాత మా ఇంటికి రాకు" అంది. సరేనన్నాను.

శనివారం స్కూలు హాలు నిండిపోయింది. పెద్దమ్మ, అమ్మ కూడా వచ్చారు. రుహియత్ అన్న కాగితం చదివి, పెన్ను నా ముందు పెట్టాడు. నేను లేచి చెప్పాను. మధ్యలో హెడ్మాస్టరు గారు నీళ్ళిచ్చారు. మా అమ్మ తల దించుకుంది. పూర్తయ్యాక రుహియత్ అన్న చాలా మెత్తగా, "చిన్నపిల్ల, భయంలో ఉంది. స్నేహితురాలు పోయిన బాధలో ఏదో ఊహించుకుంటోంది. చలికి ఊదొద్దని మేం ఎవరికీ చెప్పలేదు. ఊదాల్సిన అవసరం ఇన్నేళ్ళలో ఎవరికీ రాలేదు, అంతే" అన్నాడు. అందరూ తలలూపారు. ఎంటిన్ వాళ్ళమ్మ నా వైపు చూసింది.

అప్పుడు నీ ఉత్తరం తీశాను. నిన్ను అడగాలని ఒక్క క్షణం అనిపించింది. నువ్వు వద్దంటావని తెలుసు, అందుకే ఆగలేదు. నేను ఊదాను అనే చోటి నుంచి మొదలుపెట్టి, చింపి పొయ్యిలో వెయ్యమన్న దాకా మొత్తం చదివాను. పెద్దమ్మ మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ మాతో మాట్లాడటం లేదు. నువ్వు ఆమెకి రాయి.

పాతవాళ్ళ వరసలోంచి ఒకమ్మాయి లేచింది, చంకలో చంటిపిల్ల ఉంది. "ఎనభై ఆరు బ్యాచ్. నేనూ ఊదాను" అంది. రుహియత్ అన్న ఆమెని కూచోమన్నాడు. ఆమె కూచోలేదు. తర్వాత వెనక నుంచి ఒకతను లేచాడు. ఆ తర్వాత ఇంకొకతను. నాకు కుర్చీ తుడిచి వేసిన ఆ సీనియర్ కూడా లేచాడు, వాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మొత్తం ఆరుగురు. ఒకరినొకరు ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నారు. ఆరుగురూ శుభ్రంగా బతికి ఉన్నారు.

రుహియత్ అన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. క్లబ్బు మూసేశారు. హెడ్మాస్టరు గారు సంగతంతా పోలీసులకి రాస్తానన్నారు. నన్ను ఇంకా ఏం చేస్తారో తెలియదు. ఏం చేసినా పడతాను. నా బెంచీలో నా పక్కన ఇప్పుడు ఎవరూ కూచోవడం లేదు, నాకు అదే నయంగా ఉంది.

బయటికి వస్తుంటే గేటు దగ్గర ఎంటిన్ వాళ్ళమ్మ నిలబడి ఉంది. నీ ఉత్తరం ఇమ్మంది, ఇచ్చాను. ఆమెకి చదవడం రాదు, అయినా మడతలు విప్పి చూసి, మళ్ళీ మడిచి రవికలో పెట్టుకుంది. నీ అడ్రసు అడిగింది. ఎందుకని అడిగాను. ఊది బతికిన పిల్లని ఒకసారి చూడాలంది. లోపల ఆరుగురున్నారు కదా అన్నాను.

"వాళ్ళు కాదు. నా కూతురు నమ్మింది ఆ అమ్మాయి మాటని" అంది.

అడ్రసు రాసిచ్చాను. యోగ్యకర్తకి బస్సు ఎక్కడ మారాలో కూడా చెప్పాను. ఇరవై అయిదో తేదీ, బుధవారం పొద్దున బయల్దేరుతుంది. సాయంత్రానికి నీ దగ్గర ఉంటుంది. గదిలోనే ఉండు.

ఇమాస్